నోటీసు బోర్డు ముందు వకీల్ సాబ్

నా నోరు మంచిది కాదని బోధన్ బస్టాండులో చాయ్ అమ్మేవాళ్ల దగ్గర్నుంచి డిపోలో డ్యూటీలు వేసేవాళ్ల దాకా అందరికీ తెలుసు. కండక్టరుగా పద్దెనిమిదేళ్లు బస్సులో నిలబడితే ఎవరి నోరైనా అంతే అవుతుంది. బోధన్ నుంచి నిజామాబాద్, నిజామాబాద్ నుంచి బోధన్, మధ్యలో జానకంపేట, ఎడపల్లి. నా బతుకులో సగం ఈ రోడ్డు మీదే గడిచింది. ఈ ఉద్యోగం నాకు నేర్పింది ఒకటే. ఎక్కానని నోటితో చెబితే చాలదు, టికెట్ చూపించాలి. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం చేశాక కూడా ఆ నియమం పోలేదు. సున్నా టికెట్ కొట్టి చేతిలో పెట్టాల్సిందే. "ఫిరీ అన్నంక మల్ల టికెటెందుకు?" అని రోజుకొకరైనా నా మీదికి లేస్తారు. "ఫిరీ నీకు, రుజువు నాకు. పట్టుకో" అంటాను.

అలాంటి నేను ఒకసారి ఒక వకీలు మీద కేసు వేయాలని బయల్దేరాను. వేయలేదు. వేయకుండా ఆగినందుకు ఎవరికి దండం పెట్టాలో తేల్చుకోలేక ముగ్గురికీ పెడుతుంటాను. ఒకరు మా అవ్వ, అంటే మా అమ్మ. రెండోది నిజామాబాద్‌లో ఒక చిన్న వయసు లాయరమ్మ. మూడో మనిషి ఆ వకీలే.

మా అవ్వకు బోధన్‌లో పిండి గిర్ని ఉంది. చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ పని దొరికినన్ని రోజులు చేసి, ఇక దాన్ని నమ్ముకుంటే లాభం లేదనుకుని బాపు, అంటే మా నాన్న, పెట్టిన గిర్ని అది. బాపు పోయాక అవ్వే నడుపుతోంది. పొద్దున జొన్నలు, తర్వాత గోధుమలు, ఆ తర్వాత బియ్యం. మిరపకాయలు అన్నిటికన్నా చివర. మిరప పట్టాక గుప్పెడు నూకలు వేసి రాయి కడిగిస్తే తప్ప ఆమెకు ఆ రోజు అయినట్టుండదు. వచ్చినవాళ్లు తమ డబ్బాల మీదే కూర్చుని ముచ్చట్లు పెడతారు. అవ్వ పిండిని రెండు వేళ్ల మధ్య రుద్ది చూసి, సన్నమో గరుకో చెబుతుంది. ఆమె జుట్టు ఎంత నెరిసిందో మాకు తలంటుకున్న రోజే తెలుస్తుంది, మిగతా రోజులన్నీ పిండే.

ఆ గిర్ని ఉన్న జాగాను బాపు ఒక రైతు దగ్గర సాదా కాగితం మీద కొన్నాడు. రిజిస్ట్రీ లేదు. ఇద్దరు సాక్షుల సంతకాలు, ఒక వేలిముద్ర, అంతే. మా దిక్కు ఒకప్పుడు సగం ఊళ్లు అట్లాగే అమ్ముకున్నాయి, కొనుక్కున్నాయి. అమ్మిన పెద్దమనిషి బతికున్నంత కాలం ఏ ఇబ్బందీ రాలేదు. ఆయన పోయాక ఆయన కొడుకు, రిజిస్ట్రీ లేని అమ్మకం అమ్మకమే కాదు, జాగా ఖాళీ చేయాలి అని కోర్టుకు వెళ్లాడు. బోధన్ కోర్టులో కొన్నేళ్లు నడిచి చివరికి మేం ఓడిపోయాం.

మా వకీలు డెబ్బై దాటిన మనిషి. బోధన్ కోర్టులో వకీల్ సాబ్ అంటే ఆయనే, వేరే పేరు అక్కర్లేదు. ఉర్దూలో గద్దించి తెలుగులో బుజ్జగించేవాడు. బాపు ఉన్నప్పటి నుంచీ మా మంచి చెడ్డలు ఎరిగినవాడు. ఆయన ఇంటి గోధుమలు మా గిర్నిలోనే పట్టిస్తారు. తీర్పు వచ్చిన రోజు కోర్టు వరండాలో అవ్వ ఏడవలేదు, కొంగుతో చేతులు మాత్రం తుడుచుకుంటూ ఉండిపోయింది. చేతులకు ఏ పిండీ లేదు.

"సార్, పై కోర్టుకు పోదం" అంది.

"నేను లేనా చెల్లె? కాపీ రానీయ్. అప్పీల్ నేనేస్త. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు ఆయన.

నేను పక్కనే ఉన్నాను, డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, ఖాకీ చొక్కాలోనే. మూడేళ్ల పిల్ల ఎక్కినా వయసు అడిగే మనిషిని. ఆ రోజు మాత్రం ఒక కాగితం ముక్క అడగలేదు. అప్పీలుకు వేరే వకాలత్, అంటే మా కేసు వాదించమని వకీలుకిచ్చే కాగితం, రాసుకోవాలని కూడా తెలియదు. తెలిసినా అడిగేదాన్ని కాదేమో. వకీల్ సాబ్ మాటిచ్చాక కాగితం అడగడమంటే ఆయన మొహం మీద కొట్టినట్టు అనిపించేది.

అప్పీలుకు ముప్పై రోజుల గడువు. తీర్పు కాపీ తీసుకోవడానికి పట్టిన రోజులు అందులోంచి మినహాయిస్తారు. కాపీ కావాలంటే అర్జీ పెట్టాలి. దానికి ఇన్ని స్టాంపులు కావాలని కోర్టువాళ్లు ఒక జాబితా రాసి నోటీసు బోర్డుకు అతికిస్తారు. గడువులోపల ఆ స్టాంపులు కట్టకపోతే అర్జీ కొట్టేస్తారు. ఇదంతా నాకు ఇప్పుడు కంఠతా వచ్చు. అప్పుడు వీటిలో ఒక్క ముక్క తెలియదు. వారానికోసారి అవ్వను అడిగితే, "సార్ సూసుకుంటుండు బిడ్డా" అనేది. మూడో నెలలో కోర్టు అమీను గిర్ని ముందు సైకిల్ మోటారు ఆపి, ఖాళీ చేయాలన్న నోటీసు ఇచ్చి వెళ్లాడు. డబ్బాల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. అవ్వ గిర్ని ఆపకుండా, తొట్టిలో ఉన్న జొన్నలు అయ్యేదాకా పట్టింది.

నేను వకీల్ సాబ్ ఆఫీసు రూముకు వెళ్లిన తీరు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చెప్పులు కూడా విప్పలేదు.

"అప్పీల్ ఏస్తనంటిరి. ఏదీ సార్?"

"పొరపాటైంది బిడ్డా. కాపీ అర్జీ కొట్టేసిండ్రు. స్టాంపుల లిస్టు బోర్డు మీద వెట్టిండ్రట. నేను సూడలే."

"రోజూ కోర్టుకే పోతరు గద! బోర్డు గోడకే ఉంటది గద! సూసుడు గూడ బరువైందా?"

ఆయన బల్ల మీద పెన్ను కోసం చేత్తో వెతికి, దొరికాక దాన్ని పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. ఆ వెతకడం నేను చూశాను, కానీ నాకు అర్థం కాలేదు. కోపంలో ఉన్న మనిషికి ఎదుటివాడి చేతులు కనిపించవు. "మీ మీద కేసు ఏస్త" అని వీధంతా వినేట్టు అరిచి వచ్చేశాను.

అన్నంత పనీ చేద్దామనుకున్నాను. ముందు నిజామాబాద్‌లో వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాను. మా డిపోలో ఒకాయన ఆస్పత్రి మీద అక్కడే కేసు గెలిచాడు. కౌంటర్ దగ్గర కూర్చున్నాయన నా కథంతా ఓపిగ్గా విన్నాడు. "డాక్టర్ మీదైతె తీస్కుంటుంటిమి అమ్మా. వకీళ్ల పని దీని కిందికి రాదని పెద్ద కోర్టు చెప్పింది" అన్నాడు. అక్కణ్నుంచి జిల్లా కోర్టుకు వెళ్లి వకీళ్లను అడిగాను. ఒకాయన చాయ్ తాగించి ఎండల గురించి మాట్లాడాడు. ఇంకొకాయన సూటిగా చెప్పేశాడు, "రేపు గా పెద్దమనిషి ఎదురైతె నేను మొహం ఎట్ల వెట్టుకోవాలె?" అని. నాకు ఒళ్లు మండిపోయింది. మేమైతే టికెట్ లేనివాడు డిపో మేనేజరు బావమరిది అయినా దింపేస్తాం.

చివరికి జిరాక్స్ షాపు పైనున్న ఒక ఇరుకు గదిలో ఆ లాయరమ్మ దొరికింది. నాకన్నా పదిహేనేళ్లు చిన్నది. బీడీలు చుట్టే ఇంటి పిల్ల, వాళ్లమ్మ చుట్టిన బీడీల మీద లా చదివింది. నేను తిట్లతో సహా అంతా చెప్పేదాకా ఒక్క మాట అడ్డం రాలేదు. తర్వాత మంచినీళ్ల బాటిల్ నా వైపు జరిపింది.

"అక్కా, వకీల్ మీద కేసు ఏయొచ్చు. ఏయరాదని ఎక్కడ లేదు. గని ముందు ఆయన నీ వకీలని చూపియ్యాలె."

"ఊరంతటికి ఎరుకే."

"ఊరికి కాదు, కోర్టుకు. కింది కోర్టు వకాలత్ ఉంది, మంచిదే. అప్పీల్ ఏస్తనని ఆయన ఒప్పుకున్న కాగితం ఏది?"

 పద్దెనిమిదేళ్లుగా జనాన్ని నేను అడుగుతున్న ప్రశ్నే అది.

"రెండోది, ఓడిన ప్రతి కేసుల వకీల్ తప్పుండదక్కా. ఏ వకీలైనా మామూలుగ చేసే పని ఈయన చెయ్యలేదని చూపియ్యాలె. ఇక్కడ గడువు పోయింది కాబట్టి గది చూపిచ్చుడు కొంత నయం. మూడోదే కష్టం. ఆయన అప్పీల్ ఏసుంటె మీరు గెలుస్తుంటిరని చూపియ్యాలె."

"జరగని కేసు గెలుస్తుంటిమని ఎట్ల చూపిస్తరు?"

"గదే మరి. ఆ కేసును ఈ కేసు లోపల మల్ల నడపాలె. ఆ తర్వాత, ఆయన తప్పుతోని మీకింత నష్టమైందని చూపియ్యాలె. నాలుగు కలిస్తేనే కేసు. ఒకటి తక్కువైనా నిలబడదు."

"ఆయన సనద్ పీకేయనీయ్ పోనీ" అన్నాను. సనద్ అంటే వకీలుగా పనిచేయడానికి ఇచ్చే లైసెన్సు.

"హైదరాబాద్‌ల బార్ కౌన్సిల్‌కు రాయొచ్చు. వాళ్లు విచారణ చేస్తరు. తప్పు తేలితె సనద్ ఆపుతరు. మీ గిర్నిని మాత్రం వాళ్లు తెచ్చియ్యరు." ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. "అక్కా, నీకు ఆయన్ని కొట్టాల్నా, గిర్ని నిలబెట్టుకోవాల్నా?"

రెండూ అని చెప్పబోయాను. అమీను వెళ్లాక అవ్వ మిగిలిన జొన్నలు పట్టిన తీరు గుర్తొచ్చి, "గిర్ని" అన్నాను.

అయితే ఇప్పటికీ దారి ఉందని చెప్పింది. ఆలస్యాన్ని మన్నించమని అడుగుతూ అప్పీలు వేయవచ్చు. ఆలస్యానికి నమ్మదగ్గ కారణం చూపాలి. వకీలు చేసిన తప్పుకు, ఆయన్ని నమ్మిన మనిషిని కోర్టులు సాధారణంగా శిక్షించవు. అయితే అది వకీలు తప్పేనని తేలాలి, అందుకు ఆ వకీలే ప్రమాణ పత్రం రాసిస్తే అంతకన్నా రుజువు లేదు. పైగా కేసు ఆమె తీసుకోవాలంటే కొత్త వకాలత్ మీద పాత వకీలు తనకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి, ఫైలు ఇవ్వాలి.

"తన మీద తనే రాసియ్యాలె. ఎవరు రాస్తరక్కా?" అంది, తనకు కూడా ఆశ లేనట్టు.

నాకు మాత్రం ఒక ఉపాయం తట్టింది. ఆమెకు చెప్పలేదు. ఆయన రాసివ్వకపోయినా నోటితో ఒప్పుకుంటే చాలు, సెల్‌ఫోన్‌లో రికార్డు చేస్తాను. ఆ రికార్డే నా టికెట్.

ఆదివారం పొద్దున అవ్వను తీసుకుని ఆయన ఇంటికి వెళ్లాను. గల్లీ మలుపులోనే ఫోన్ నొక్కి సంచిలో పెట్టుకున్నాను. అవ్వ చంకలో ఆయన పిండి డబ్బా ఉంది. కేసు వేస్తానని అరిచి వచ్చిన ఇంటికి పిండి మోసుకుపోవడమేమిటని దారి పొడవునా గొణిగాను. "గోధుమలేం తప్పు చేసినయే?" అంది అవ్వ.

ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, డబ్బా మూత తీసి, చిటికెడు పిండి వేళ్ల మధ్య రుద్దాడు. "బరాబర్ ఉంది చెల్లె" అన్నాడు. నేను ఫైలు, సంతకం అని మొదలుపెట్టేలోపే బీరువా దగ్గరికి వెళ్లి, ఫైళ్ల వీపులు ఒక్కొక్కటే తడుముతూ మాది తీసి అవ్వ ఒళ్లో పెట్టాడు. మేం అడుగుతామని ముందే సిద్ధం చేసినట్టు, దానికి మాత్రం ఎర్ర దారం రెండు ముళ్లు వేసి ఉంది. ఒక్క కాగితం తక్కువ లేదు. అంతదాకా వాదించడానికి సిద్ధమై వచ్చిన నాకు ఏం చేయాలో తోచలేదు. కొత్త వకాలత్ ఆయన ముందు పరిచాను.

ఆయన పెన్ను మూత తీసి ఆగాడు. అప్పుడు అవ్వ, చీపురు జరిపినంత మామూలుగా చేయి చాపి, సంతకం పెట్టాల్సిన చోట తన చూపుడు వేలు ఆనించింది. ఆయన ఆ వేలి పక్కనే సంతకం పెట్టాడు.  నాకు ఆ రోజు బల్ల మీద పెన్ను కోసం తడుముకున్న చేయి గుర్తొచ్చింది.

"సార్, మీకు కండ్లు..." అని ఆగిపోయాను.

ఆయన పెన్ను మూత పెట్టాడు. తర్వాత ఆయనే చెప్పాడు. రెండేళ్లుగా రెండు కళ్లకూ పొర కమ్మింది. షుగర్ ఎక్కువగా ఉందని ఆపరేషన్ వాయిదా వేశారు. అది తగ్గాక కూడా ఆయనే వాయిదా వేశాడు. నెల రోజులు ఇంట్లో కూర్చుంటే చూపు పోయిందని అందరికీ తెలిసిపోతుంది. గుమాస్తా ఉన్నంత కాలం వాడు చదివి వినిపించేవాడు. వాడు వేరే వకీలు దగ్గర చేరాక ఇక తనే వెళ్లేవాడు.

"రోజు బోర్డు ముంగట నిలవడుతుంటి బిడ్డా. పక్కోళ్లు ఎంతసేపు నిలవడితె నేను గంతసేపు నిలవడుతుంటి. ఆనక తిరిగొస్తుంటి."

 అవ్వ డబ్బా మూత పెడుతూ మామూలుగా అంది, "నాకెరుకే సార్."

ఆయన తలెత్తాడు.

"ఇదివరకు పిండి కండ్లతోని సూసి, జర సన్నగ పట్టు చెల్లె అంటుంటిరి. రెండేండ్ల సంది వేళ్లతోని సూస్తుండ్రు. నేనూ వేళ్లతోనే సూస్త గద, గందుకు ఎరుకైంది."

నేను అవ్వ మీద విరుచుకుపడ్డాను. "ఎరుకైనంక అప్పీల్ సార్‌కెందుకు చెప్పినవే?"

"వేరేటోళ్లకు చెప్తె, నాకెరుకైందని సార్‌కు తెలుస్తది గద!"

అదీ సంగతి. మా అవ్వ ఆయన మనసు నొచ్చుకుంటుందని గిర్నిని పణం పెట్టింది. ఆమెకు తిక్క అనుకోవాలో, ఇంకేమనుకోవాలో ఆ నిమిషంలో తెలియలేదు.

"ఇంకెవలికెరుక?" అని అడిగాడు ఆయన, మెల్లగా.

"అందరికెరుకే సార్. చాయ్ ఆయన కప్పు మీ చేతుల వెట్టి వేళ్లు మూసేదాక ఒదలడు. కోర్టుల మీ కేసు నంబరు రెండుసార్లు పిలుస్తరు. ఎవలన్న ఎట్ల చెప్తరు సార్?"

ఆయన నవ్వాడు. నవ్వుతూనే కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. కోర్టు కోర్టంతా రెండేళ్లు కూడబలుక్కోకుండానే ఆయన మర్యాద కాపాడింది. గుడ్డిగా ఉన్న ఆ మర్యాదకు మొదట బలైంది మా కాపీ అర్జీ. ఆ బోర్డు పక్కన నిలబడ్డవాళ్లలో ఒక్కరు "వకీల్ సాబ్, మీ నంబరుంది" అని ఉంటే సరిపోయేది. అనడమంటే ఆయనకు కనిపించడం లేదని అన్నట్టే కాబట్టి ఎవరూ అనలేదు.

నేను ప్రమాణ పత్రం సంగతి ఎత్తలేకపోయాను. అది అడగడానికే వచ్చి, అడగకుండానే గడప దాకా వచ్చేశాను. ఆయనే వెనక నుంచి పిలిచాడు. "ఆలస్యం మాఫీకి నా అఫిడవిట్ గావాలె గద. గా లాయర్ బిడ్డ దగ్గరికి ఎప్పుడు రావాలె?" యాభై ఏళ్లుగా వకీలు కదా, మాకన్నా ముందే ఆయనకు తెలుసు.

ఇంటికొచ్చి రికార్డు పెట్టి విన్నాను. అన్నిటికన్నా స్పష్టంగా మా అవ్వ గొంతే ఉంది, "నాకెరుకే సార్" అని. ఆ తర్వాత ఆ సంగతి చెబితే లాయరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "అక్కా, గిది కోర్టుల వినిపిస్తె కనవడదని తెలిసే కేసిచ్చిండ్రని మనల్నే నిలదీస్తరు" అంది. అక్కడే, ఆమె ముందే తుడిచేశాను. దొంగతనంగా మాట రికార్డు చేసినందుకు నాకు ఆ శాస్తి చాలు.

సోమవారమే ఆయన వచ్చి ఆ ఇరుకు గదిలో కూర్చుని అఫిడవిట్ చెప్పి రాయించాడు. ఇంగ్లిషులో ఒక వాక్యం చెప్పేవాడు, అది అవ్వకు తెలుగులో చెప్పి తర్వాతి వాక్యానికి వెళ్లేవాడు. అప్పీలు వేయమని ఈమె నాకు తీర్పు రోజే చెప్పింది, నేను ఒప్పుకున్నాను. నోటీసు బోర్డు మీది జాబితా చూడాల్సిన బాధ్యత నాది. నేను చూడలేదు. ఈమె వైపు నుంచి ఏ అశ్రద్ధా లేదు. కారణం దగ్గరికి వచ్చేసరికి లాయరమ్మ టైపు చేయడం ఆపింది.

"సార్, ఆరోగ్యం బాగలేదని రాస్త. సాలు."

"ఆరోగ్యం బాగలేదంటె జడ్జి నమ్మడు బిడ్డా. అందరు గదే రాస్తరు. కండ్లు కనవడక సూడలేదని రాయి. ఎప్పటిసంది గూడ రాయి."

"గిది రికార్డుకు పోతె ఇంక మీకెవలు కేసియ్యరు సార్."

"ఇయ్యద్దు గద. తీసుకునుడే నా తప్పు. రాయి."

ఆమె రాసింది. రాస్తూ ముక్కు ఎగబీల్చింది. ఈసారి సంతకం చోట వేలు ఆనించింది ఆమే. నాకు లాయరమ్మ చెప్పిన నాలుగు గుర్తొచ్చాయి. అందులో మొదటి రెంటికీ రుజువు, నేను సంచిలో దాచిన ఫోన్‌తో దొంగిలించాలనుకున్నది, ఆయన తన చేత్తో రాసి మా చేతిలో పెట్టాడు. ఆ కాగితం పట్టుకుని మేం ఆయన మీదికే వెళ్లవచ్చని ఆయనకు తెలియదా? అది మాకు తట్టకముందే ఆయనకు తెలుసు.

విచారణ రోజు నాకు పొద్దుటి ట్రిప్పు ఉంది. అది చేసి, మిగతాది తోటి కండక్టరుకు అప్పగించి నిజామాబాద్‌లోనే జిల్లా కోర్టుకు వెళ్లాలనుకున్నాను. అవ్వ, వకీల్ సాబ్ నా బస్సులోనే ఎక్కారు. ఆయన నల్ల కోటు వేసుకోలేదు, తెల్ల చొక్కాతో వచ్చాడు. అవ్వకు సున్నా టికెట్ కొట్టిచ్చాను. ఆయన జేబులో చేయి పెడుతుంటే, "వద్దు సార్, నేను కట్టుకుంట" అన్నాను.

"నీ నౌకరికి ఎసరు వెట్టాల్నా? ఇయ్యాల నా ఒక్కని పని పోతె సాలు. టికెట్ కొట్టు."

కొట్టాను. ఆయన దాన్ని చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కోర్టు హాలులో ఆయన వకీళ్ల కుర్చీల వైపు పోలేదు, మా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. అవతలి వకీలు లేచి, క్లయింటు అనేవాళ్లు అప్పుడప్పుడు కనుక్కోవద్దా, మూడు నెలలు నిద్రపోతారా అని వాదించాడు. నాకు లేచి జవాబు చెప్పాలని నోరు దురద పెట్టింది, అవ్వ నా మోకాలు నొక్కి పట్టింది. జడ్జిగారు అఫిడవిట్ రెండుసార్లు చదివి, వకీల్ సాబ్‌ను ముందుకు పిలిచారు. ఇది మీ ఇష్టంతోనే రాసిచ్చారా అని అడిగారు. అవునన్నాడు. మరి కనిపించడం లేదని ముందే ఎందుకు చెప్పలేదని అడిగారు.

"భయమైంది సార్" అన్నాడు ఆయన.

యాభై ఏళ్లు కోర్టుల్లో ఎందరి తరఫునో గట్టిగా మాట్లాడిన మనిషి ఆ రెండు ముక్కలు ఎంత నెమ్మదిగా అన్నాడంటే, జడ్జిగారు ముందుకు వంగాల్సి వచ్చింది.  నేను ఆయన మీద అరిచిన ప్రతి మాటా ఒక్కొక్కటే గుర్తొచ్చి, తల దించుకుని కూర్చున్నాను.

కొన్నాళ్లకు ఆర్డరు వచ్చింది. ఆలస్యం మన్నించారు. అప్పీలు తీసుకున్నారు. అది తేలేదాకా గిర్ని ఖాళీ చేయించకూడదని స్టే ఇచ్చారు. ఆ సాయంత్రం అవ్వ గిర్నికి కొబ్బరికాయ కొట్టి, డబ్బాల మీద కూర్చున్న అందరికీ బెల్లం ముక్కలు పంచింది. అప్పీలు ఇంకా నడుస్తూనే ఉంది. గెలుస్తామో లేదో తెలియదు. వాదించే అవకాశం మాత్రం పోలేదు.

ఆయనకు మాత్రం కేసులన్నీ పోయాయి. తెలిసీ తెలియనట్టున్నవాళ్లకు, ఆ సంగతి కాగితం మీదికి ఎక్కాక ఇక అట్లా ఉండటం కుదరలేదు. కొందరు వచ్చి ఫైళ్లు తీసుకున్నారు. రానివాళ్ల ఇళ్లకు ఆయనే వెళ్లి, ఎర్ర దారం రెండు ముళ్లు వేసి ఇచ్చి వచ్చాడు. దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి, వాయిదా వేస్తూ వచ్చిన ఆపరేషన్ చేయించుకున్నాడు.

నా బుద్ధి ఎంత మొండిదంటే, ఒకరోజు ఊరికే తెలుసుకుందామని లాయరమ్మను అడిగాను, ఇప్పుడైతే ఆయన మీద కేసు నిలబడేదా అని. ఆమె పెన్ను తిప్పుతూ ఆలోచించింది. "ఆయన మీ వకీలని ఆయనే రాసిచ్చిండు. తప్పు నాదని ఆయనే ఒప్పుకున్నడు. మూడోది అప్పీల్ల తేలుతది. గని నాలుగోది లేదక్కా. మీకు నష్టం జరగకుండ ఆయనే అడ్డం వడ్డడు. ఇంకేం చూపిస్తవ్?" అంది.

చూపించడానికి ఏమీ లేదు. జరిగిన నష్టమంతా ఆయనదే. మా అవ్వ పొద్దున గిర్ని బటన్ నొక్కిన ప్రతిసారీ ఆ చప్పుడు నాకు ఆయన పెట్టిన భిక్షలాగే వినిపిస్తుంది. ఈ మాట ఆయనతో అనడానికి మాత్రం నా గొప్ప నోరు ఏడాదిగా పెగల్లేదు.

మొన్న ఆయన కళ్ల డాక్టరుకు చూపించుకోవడానికి నిజామాబాద్ వెళ్తూ నా బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చున్నాడు. టికెట్ కొట్టి ఇచ్చాను. ఈసారి మడవలేదు. వెలుగుకు పెట్టి పైకే చదవడం మొదలుపెట్టాడు. తారీఖు, టైము, బోధన్ నుంచి నిజామాబాద్, పెద్దలు ఒకరు, కింద చీమల బారులా ఉండే నా నంబరు, ఏదీ వదల్లేదు. వెనక నుంచి "కండక్టరమ్మా, టికెట్" అని అరుస్తున్నారు. నేను కదల్లేదు.

చదవడం అయ్యాక ఆయన టికెట్‌ను వేలితో రుద్ది, నా వైపు చూశాడు. కళ్లలోకి నేరుగా చూడటం అదే మొదటిసారి.

"బోర్డు మీద అక్షరాలు గింతకన్న పెద్దగుంటుండే బిడ్డా" అన్నాడు.

నేను అక్కడే, నిండు బస్సులో, టికెట్ మిషన్ చంకన పెట్టుకుని, వంగి ఆయన కాళ్లు మొక్కాను.